మావగారి మూవ్‌మెంట్ రిజిస్టర్

ఆ రోజుల్లో నా దగ్గర పుష్కలంగా ఉన్నది కోపం ఒక్కటే. తక్కినవన్నీ అరకొరగానే ఉండేవి. వీసా ఇంకో నాలుగు నెలలకి సరిపడా ఉండేది, నిద్ర కొత్తగా పుట్టిన పిల్ల దయతలచినంత ఉండేది, పని మీద ధ్యాస మాత్రం బొత్తిగా ఉండేది కాదు. అమెరికాలో ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, లోకంలో ప్రతివాడూ నా పని చెడగొట్టడానికే పుట్టాడని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. క్రికెట్ స్కోర్ల సైటువాడి మీద కోపం, సినిమా గాసిప్పులు రాసేవాడి మీద కోపం, గ్రీన్‌కార్డు తేదీలు ఎప్పుడు కదులుతాయో జోస్యం చెప్పే ఫోరంవాళ్ళ మీద కోపం. వాళ్ళెవరూ నన్ను బొట్టు పెట్టి పిలవలేదనీ, నేనే రోజుకి నలభైసార్లు వాళ్ళ గుమ్మం తొక్కుతున్నాననీ నాకు తోచేది కాదు. ఆ సంగతి గీతలు గీసిన పుస్తకంలో రాసి చూపించినవారు మా మావగారు. దాంతో ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఆ కోపం కథే ఇది.

ముందు ఉద్యోగం సంగతి చెప్పాలి. నాకు జీతం ఇచ్చే కంపెనీ ఒకటి, నేను పని చేసే చోటు ఇంకొకటి. పని చేసే చోటు ఒక ఇన్సూరెన్సు ఆఫీసు. వాళ్ళ పాత సిస్టంలో ఉన్న పాలసీలన్నిటినీ కొత్త సిస్టంలోకి ఎక్కించే ప్రోగ్రాములు రాయడం నా పని. అక్కడ మా మేనేజరు అరవైకి దగ్గరపడిన అమెరికన్ ఆవిడ. ఎప్పుడూ బూడిదరంగు కోటు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. ఇంట్లో మేం ఆవిణ్ణి దొరసానమ్మ అనుకునేవాళ్ళం. పిల్ల పుట్టిందని తెలిసి, వారానికి మూడు రోజులు ఇంటి నుంచి పని చేసుకోమంది. మంచికే అంది పాపం. ఆఫీసులో ఉంటే వెనకనుంచి ఎవరైనా వస్తారేమోనన్న భయం కొంతైనా నన్ను కాపాడేది. ఇంట్లో వెనకాల గోడ, ఆ గోడకి కేలండరు, కేలండర్లో వేంకటేశ్వరస్వామి. ఆయన నామాలు కళ్ళకి అడ్డంగా ఉంటాయి కాబట్టి నా స్క్రీను చూడలేడని నా ధైర్యం.

అది చాలనట్టు ఆ వేసవిలో మన జట్టు వెస్టిండీస్ వెళ్ళింది. ఆట మన దేశంలో అయితే మేం పడుకున్నాక మొదలై, లేచేసరికి అయిపోతుంది. వెస్టిండీస్‌లో టెస్టు మ్యాచ్ మాత్రం సరిగ్గా మా ఆఫీసు వేళకి మొదలై, ఆఫీసు వేళకి ముగుస్తుంది, అదీ ఐదు రోజులు. బంతి బంతికీ ఒక వాక్యం రాసే సైటు ఒకటుండేది. బొమ్మ లేదు, గొంతు లేదు, ఉత్త అక్షరాలు. వాటి కోసం, పేజీని మళ్ళీ తెప్పించే ఎఫ్ ఫైవ్ మీట కొట్టీ కొట్టీ దాని మీది అంకె అరిగిపోయింది. పక్కన చాట్ పెట్టెలో చాండ్లర్ అనే ఊళ్ళో కంప్యూటరు చిప్పుల కంపెనీలో పనిచేసే నా పాత రూమ్మేటు (వరంగల్‌వాడు, మేమంతా వాణ్ణి కామెంటరీ అనేవాళ్ళం) అదే ఆట నాకు మళ్ళీ చెప్పేవాడు. "అరే, చూస్తున్నవా లేదా? గట్లెట్ల కొడ్తడ్రా వాడు, బుద్ధి ఉందా వానికి?" అని రాసేవాడు. బుద్ధి గురించి మేమిద్దరం జీతం తీసుకుంటూ గంటలకొద్దీ చర్చించుకునేవాళ్ళం.

ఇక్కడ చుక్క గురించి కూడా చెప్పాలి. ఆఫీసు చాట్‌లో మన పేరు పక్కన ఒక చుక్క ఉంటుంది. మనం కంప్యూటరు ముందు కదులుతున్నంతసేపూ ఆకుపచ్చగా ఉంటుంది, ఐదు నిమిషాలు కదలకపోతే పసుపుపచ్చగా మారుతుంది, చాట్ మూసేస్తే బూడిదరంగులోకి పోతుంది. క్షణానికోసారి స్కోరు కోసం మీట కొట్టేవాడి చుక్క ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? మా డిపార్ట్‌మెంట్ మొత్తంలో నా చుక్కంత పచ్చగా ఎవరి చుక్కా ఉండేది కాదు. పని మాత్రం సాగేది కాదు. ఒక గడువు దాటింది, ఇంకో గడువు దాటింది. చివరికి దొరసానమ్మ నన్ను గదిలోకి పిలిచి, "నెలాఖరుకి నీ కాంట్రాక్టు అయిపోతోంది. ఈ ఆఖరి ప్రోగ్రాము చూశాకే పొడిగించాలా వద్దా చెప్తాను," అంది. వీసా పొడిగింపుకి ఆవిడ సంతకంతో ఉత్తరం కావాలి. కాంట్రాక్టు లేకపోతే ఉత్తరం లేదు, ఉత్తరం లేకపోతే వీసా లేదు, వీసా లేకపోతే రెండు నెలల పిల్లని భుజాన వేసుకుని సామాను సర్దుకోవాలి. ఇంటికొచ్చి ఈ మాట మా ఆవిడకి వంటింట్లో రహస్యంగా చెప్పాను. మా ఆవిడ వాళ్ళ నాన్న ఎదురుగా ఉంటే నన్ను 'మీరు' అంటుంది, ఆయన అటు బాల్కనీలోకి వెళ్ళగానే 'నువ్వు' అంటుంది. ఆ రోజు "నువ్వు రోజంతా ఆ స్కోర్లు చూస్తావు కదా, అందుకే," అని తేల్చేసింది. బాల్కనీ తలుపు వేసి లేదని మా ఇద్దరికీ తెలియదు.

మావగారు ఏలూరు కలెక్టరాఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. అత్తగారు పురుడు పొయ్యడానికి వచ్చారు, మావగారు అత్తగారికి తోడు వచ్చారు. అత్తగారికి చేతినిండా పని. మావగారికి పార్కింగ్ లాట్‌లో కార్లు లెక్కపెట్టడం తప్ప పని లేదు. ముప్ఫై ఆరేళ్ళు ఫైళ్ళ మధ్య బతికిన మనిషిని ఒక ఫైలు కూడా లేని ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుందో నేను ఆలోచించి ఉండాల్సింది. మర్నాడు "ఒక పొడుగాటి నోటుబుక్కు కావాలండీ అల్లుడుగారూ," అంటే, రామకోటి రాసుకుంటారేమో అనుకుని నేనే కారులో దుకాణానికి తీసుకెళ్ళాను. మంచి అట్ట ఉన్నది చూసి నేనే ఎంచాను. నా మెడకి ఉరి నేనే పేనుకున్నాను.

మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరిచేసరికి నా పక్కన ఆ పుస్తకం ఉంది. అల్యూమినియం ఫాయిలు డబ్బా అంచు ఆనించి గీసిన నిలువు గీతలు. పైన పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో మూవ్‌మెంట్ రిజిస్టర్ అని. దాని కింద గళ్ళు: క్రమసంఖ్య, వెళ్ళిన వేళ, వెళ్ళిన చోటు, పని ఆఫీసుదా సొంతమా, తిరిగి వచ్చిన వేళ, సంతకం, రిమార్కులు. పుస్తకానికి దారం కట్టి, దారానికి పెన్ను కట్టారు. (సర్కారు ఆఫీసుల్లో పెన్నుని కట్టెయ్యకపోతే అది రిజిస్టరు కన్నా ముందు రిటైరవుతుందని తరవాత చెప్పారు.)

"ఏంటి మావయ్యగారూ ఇది?"

"మా ఆఫీసులో టీ తాగడానికి బయటికెళ్ళినా ఇందులో రాసి వెళ్ళాలండీ. కలెక్టరుగారొచ్చి ఫలానావాడు ఏడీ అంటే చెప్పాలి కదండీ మరి."

"నేను ఎక్కడికీ వెళ్ళట్లేదు కదండీ. కుర్చీలోనే ఉన్నాను."

"కుర్చీలో మీరున్నారండీ. బుద్ధి వెస్టిండీస్‌లో ఉంది. అది వెళ్ళినప్పుడల్లా రాసెయ్యండి. పెద్ద కష్టమేం కాదు, ఒక్క గీత."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, పిల్లని భుజాన వేసుకుని, "మంచిదే కదండీ, రాయండి," అంది 'మీరు' భాషలో. మొహంలో నవ్వు మాత్రం 'నువ్వు' భాషలోదే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేనేమన్నా బంట్రోతునా? ఇంజనీరింగ్ చదివి, పై చదువు చదివి, సముద్రాలు దాటి వచ్చింది భోజనాల బల్ల దగ్గర హాజరు వేయించుకోడానికా? కానీ ఆయన మావగారు, నేను అల్లుణ్ణి, నోరెత్తడానికి లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టని సామెత. నేను మావ మీద కోపం కీబోర్డు మీద చూపించాను. ఆ దెబ్బకి ఎంటర్ మీట ఒక మూల లేచిపోయి ఆ తరవాత ఎన్నడూ సరిగ్గా కూర్చోలేదు. మొదటి రోజు కసిగా, కావాలని, ప్రతిదీ రాశాను. చూసుకోండి, ఎంత రాస్తారో రాసుకోండి అన్నట్టు రాశాను. పదీ ఐదుకి క్రికెట్, సొంతం. పదీ ముప్ఫైకి రాక. పదీ ముప్ఫైనాలుగుకి క్రికెట్, సొంతం. పదకొండూ పదికి సినిమా వార్తలు, సొంతం. పదకొండున్నరకి గ్రీన్‌కార్డు జోస్యం. దాన్ని ఆఫీసు పని కింద రాస్తే ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేసి సొంతం అని దిద్దారు. మధ్యాహ్నం అన్నం దగ్గర, పప్పు వడ్డించేలోపు రిజిస్టరు తెచ్చి, నింపాదిగా కూడి, "పదిహేడు పర్యాయాలు. గంటా యాభై రెండు నిమిషాలండీ," అన్నారు. నేను కోపంగా, "ఉండదు, తప్పు కూడారు," అన్నాను. మళ్ళీ నేనే కూడాను. రెండు గంటలొచ్చింది.

మర్నాటి నుంచి దొంగతనానికి దిగాను. రాయకుండా చూడటం మొదలుపెట్టాను. ఆయన సోఫాలో కూర్చుని పేపరు చదువుతున్నట్టే ఉండేవారు కానీ, నా స్క్రీను బాల్కనీ తలుపు అద్దంలో పడుతుందని నాకు తెలియదు. ఆయనకి ఏ సైటు ఏదో తెలియదు, రంగులు మాత్రం తెలుసు. "అల్లుడుగారూ, ఆ నీలంరంగు పేజీ ఇప్పుడే తెరిచారు, రాయలేదండీ," అనేవారు పేపరు దించకుండానే. ఫోను పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన దస్తూరీలో ఎంట్రీ ఉంది: బాత్రూము, ఇరవై రెండు నిమిషాలు, ఫోనుతో సహా. రిమార్కుల గడిలో 'అభ్యంతరకరం' అని ఉంది. ఆ మాట చూస్తే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. మూడో రోజునుంచి పనివేళల్లో నా ఫోను ఖాళీ ఇడ్లీరవ్వ డబ్బాలోకి, ఆ డబ్బా మావగారి సోఫా పక్కకి వెళ్ళిపోయాయి.

చెప్పడానికి ఒళ్ళు మండుతుంది గానీ, అది పని చేసింది. భక్తి వల్ల కాదు, విసుగు వల్ల. స్కోరు చూడ్డానికి మూడు సెకన్లు పడుతుంది. దాని కోసం పెన్ను తీసి, వేళ రాసి, చోటు రాసి, 'సొంతం' అని మన చేత్తో మనం ఒప్పుకుని, సంతకం పెట్టి, మళ్ళీ వచ్చి వేళ రాయడానికి నిమిషం పడుతుంది. పొద్దుటినుంచి పన్నెండుసార్లు సంతకం పెట్టాక పదమూడోసారికి చెయ్యే మొరాయిస్తుంది. పదిహేడు తొమ్మిదయ్యాయి, తొమ్మిది నాలుగయ్యాయి. కామెంటరీ మాత్రం అలిగాడు. "ఏమైందిరా నీకు, మీ మామ నిన్ను జీతగాణ్ణి చేసిండా?" అని రాశాడు. వాడికి జవాబు రాయాలన్నా రిజిస్టర్‌లో రాయాలి కాబట్టి మానేశాను.

నెలాఖరు వారం వచ్చింది. ఆఖరి ప్రోగ్రాము శుక్రవారానికి ఇవ్వాలి, సగం కూడా కాలేదు. గురువారం పొద్దున్న మావగారు నా పక్కగా వచ్చి నిలబడి, "ఆ ఆఫీసు చాట్ పెట్టె కూడా మూసెయ్యకూడదాండీ? టింగుమంటూ నిమిషానికోసారి పిలుస్తోంది మిమ్మల్ని," అన్నారు. మూస్తే చుక్క బూడిదరంగులోకి పోతుందని, చుక్క పచ్చగా లేకపోతే పని చెయ్యట్లేదనుకుంటారని చెప్పాను. ఆయన, "మీకు జీతం పనికిస్తున్నారా, చుక్కకిస్తున్నారా?" అని అడిగారు. ఉక్రోషం పట్టలేక ఆయన కళ్ళముందే ఠపీమని మూసేశాను. ఒంటిగంటకి కూర్చున్నాను. ఆ తరవాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. టీ కప్పు పక్కన పెట్టి తీశారు, పిల్ల ఏడ్చి ఊరుకుంది, మన జట్టు గెలిచిందో ఓడిందో తెలియదు. తల ఎత్తేసరికి నాలుగూ నలభై. ప్రోగ్రాము అయింది. పరీక్షించి పంపించేశాను కూడా. అమెరికా వచ్చాక అంతసేపు ఒక్క పని మీద కూర్చోవడం అదే మొదలేమో. ఆ సంతోషంలో, మూలనున్న పిల్ల గుడ్డల బుట్ట నేనే ఎత్తుకుని, రిజిస్టర్‌లో బుద్ధిగా రాసి, కింద లాండ్రీ గదికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి హాల్లో మావగారు నిటారుగా నిలబడి ఉన్నారు. ఒక చేతిలో ఇంటి ఫోను రిసీవరు, ఇంకో చేతిలో రిజిస్టరు. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది.

"యెస్ సర్. నాట్ ఇన్ సీట్, సర్. యాజ్ పర్ రిజిస్టర్, ఫోర్ ఫార్టీ ఫైవ్, గాన్ ఫర్ వాషింగ్ క్లోత్స్." అవతలి గొంతు ఏదో అడిగింది. మావగారు వేలు తడిచేసుకుని మొదటి పేజీ దాకా వెనక్కి తిప్పారు. "ఫస్ట్ ట్యూస్‌డే, సర్? టెన్ ఫైవ్ టు టెన్ థర్టీ, క్రికెట్. పర్సనల్. లెవెన్ టెన్, సినిమా న్యూస్. పర్సనల్. ఆల్ సైన్డ్, సర్."

ఆ సర్ ఎవరో నాకు అర్థమయ్యేసరికి బుట్ట చేతిలోంచి జారింది. మధ్యాహ్నం రెండింటినుంచి దొరసానమ్మ నన్ను చాట్‌లో పిలుస్తోంది. చుక్క బూడిదరంగు. సెల్‌ఫోను చేసింది. అది రవ్వ డబ్బాలో అడుగున ఉంది. ఆఖరికి అత్యవసరానికని రాసిచ్చిన ఇంటి నంబరు వెతికి చేసింది. వారాల తరబడి పని ఎగ్గొట్టి ఆటలు చూసిన రోజుల్లో నా చుక్క పచ్చగా వెలిగింది, ఒళ్ళు వంచి పనిచేసిన ఒక్క పూట నేను దొంగనయ్యాను. రిసీవరు లాక్కునేలోపు ఆవిడ పెట్టేసింది. మావగారు, "రేపు పొద్దున్న మిమ్మల్ని ఆఫీసుకి రమ్మన్నారండీ. ఈ రిజిస్టరు కూడా తెమ్మన్నారు," అన్నారు, శుభవార్త చెప్తున్నట్టు.

ఇన్నాళ్ళూ కీబోర్డు మీద చూపించిన కోపమంతా అప్పుడు బయటికొచ్చింది. "మీవల్ల నా ఉద్యోగం పోయింది. ఇదేమన్నా మీ కలెక్టరాఫీసా? మిమ్మల్ని ఎవరు రాయమన్నారు, ఎవరు చదవమన్నారు? ఇంట్లో పని లేకపోతే నిద్రపోవచ్చు కదా," అని అరిచాను. నిద్రపోవచ్చు కదా అన్న మాట నోట్లోంచి వచ్చాక దాన్ని చూసి నాకే భయమేసింది. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. అత్తగారు వంటింట్లో కుళాయి కట్టేశారు.

మావగారు నెమ్మదిగా కళ్ళజోడు తీశారు. "పై అధికారి అడిగితే రిజిస్టరు చూపించాలండీ. దాచుకోడానికి కాదు కదా రాసింది," అన్నారు. ఆ తరవాత బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ తలుపు పూర్తిగా పడకముందే మా ఆవిడ, ఆయనకి వినబడేటట్టే, "నువ్వు ఇప్పుడు ఎవరితో మాట్లాడావో తెలుస్తోందా నీకు?" అంది. వాళ్ళ నాన్న ఎదుట నన్ను నువ్వు అనడం అదే మొదలు. నాకు మాత్రం కోపం తగ్గలేదు. దాన్నే కప్పుకుని పడుకున్నాను.

శుక్రవారం పొద్దున్న లేచి చూస్తే బల్ల మీద రిజిస్టరు, ఎర్ర పెన్ను, రవ్వ డబ్బా, అందులో నా ఫోను వరసగా పెట్టి ఉన్నాయి. ఆయన అలగలేదు, ఛార్జి అప్పగించేశారు. స్నానానికి వెళ్తుంటే వినబడింది, మా ఆవిడతో అంటున్నారు: "తిరుగు టిక్కెట్టు ముందుకి జరపడం కుదురుతుందేమో కనుక్కోమ్మా. అమ్మ ఉంటుందిలే, నేను వెళ్ళిపోతాను." రూట్ వన్ మీద కారు నడుపుతున్నంతసేపూ ఆ మాటే చెవిలో ఉంది. దాని మీద కూడా కోపమే వచ్చింది. తప్పు నాదైనప్పుడు నాకు కోపం రెట్టింపవుతుంది, ఏం చెయ్యను.

దొరసానమ్మ కళ్ళజోడు పెట్టుకుని రిజిస్టరు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. ఎక్కడా తొందర లేదు. బాత్రూము, ఫోనుతో సహా దగ్గర (అది తెలుగులో ఉంది, నా చేతే చదివించి అర్థం చెప్పించుకుంది) ఒకసారి తలెత్తి నన్ను చూసింది. చదవడం అయ్యాక, "మొదటి మంగళవారం రెండు గంటలు," అంది. అవునన్నాను. "నాకు చాలా కోపంగా ఉంది," అంది. న్యాయమే అన్నాను. అప్పుడు సొరుగులోంచి నా టైమ్‌షీట్లు తీసి రిజిస్టరు పక్కన పరిచింది.

"ప్రతి శుక్రవారం నువ్వు నాకు ఇది పంపిస్తావు. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. ఇక్కడ అందరూ ఇదే పంపిస్తారు. ఒక్కటీ నేను నమ్మను." వేలు రిజిస్టరు మీద పెట్టింది. "ఇది నమ్ముతాను. క్రికెట్‌కి వెళ్ళానని రాసి సంతకం పెట్టినవాడు, గురువారం ఒంటిగంట నుంచి నాలుగూ నలభై అయిదు దాకా ఎక్కడికీ వెళ్ళలేదంటే, వెళ్ళలేదనే అర్థం. నీ ప్రోగ్రాము పొద్దున్న నడిపించి చూశాను. బాగానే ఉంది."

వీసాకి ఉత్తరం ఇస్తానంది. కాంట్రాక్టు మాత్రం ముందు మూడు నెలలే, ఏడాది సంగతి తరవాత చూద్దామంది. ఒక షరతు కూడా పెట్టింది. ఇక మీదట ప్రతి శుక్రవారం టైమ్‌షీటుతోపాటు ఈ పుస్తకంలో ఆ వారం పేజీ నకలు పంపించాలి. అడుగున నా సంతకం చాలదు. "ఫోన్లో మాట్లాడిన ఆ పెద్దమనిషి సంతకం కావాలి. ఆయన ఎన్నాళ్ళుంటారు ఇక్కడ?" అని అడిగింది. ఎన్నాళ్ళుంటారో నాకే తెలియదని ఆవిడకి ఎలా చెప్పను?

ఇంటికొచ్చేసరికి మావగారు బాల్కనీలో పార్కింగ్ లాట్ వైపు చూస్తూ కూర్చున్నారు. క్షమించండి అనే మాట నాకు నోటికి రాదు, అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళి, దారానికి వేలాడుతున్న పెన్ను తీసి రాశాను. వెళ్ళిన వేళ: గురువారం సాయంత్రం ఐదు. వెళ్ళిన చోటు: కోపం. పని: సొంతం. సంతకం పెట్టి, ఆ పేజీ తెరిచే పట్టుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, నేను రాసింది రెండుసార్లు చదివారు. జేబులోంచి సొంత పెన్ను తీసి రిమార్కుల గడిలో, 'అనుమతి లేకుండా వెళ్ళినారు. మొదటి తప్పుగా భావించి మన్నించడమైనది' అని రాసి, కింద పొట్టి సంతకం చేశారు. ఉత్తరం సంగతి, షరతు సంగతి అప్పుడు చెప్పాను. ఆయన సంతకం కావాలందని వినగానే మనిషి కుర్చీలోనే రెండంగుళాలు పెరిగారు. "కౌంటర్‌సైనింగ్ అథారిటీ అంటారండీ దాన్ని," అన్నారు. టిక్కెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

తిరిగి వచ్చిన వేళ గడి ఖాళీగా ఉందని చూసి, నేను నింపబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ఇది మీరు రాసుకుంటే చెల్లదండీ. కుర్చీలోకి వచ్చారా లేదా అన్నది మీకు తెలుస్తుంది. కోపంలోంచి వచ్చారా లేదా అన్నది పక్కనున్నవాళ్ళు చెప్పాలి." లోపలికి తిరిగి, "అమ్మాయ్, అల్లుడుగారు వచ్చేశారా?" అని అడిగారు. మా ఆవిడ పిల్లని జోకొడుతూ వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "ఇంకా రాలేదు నాన్నా," అంది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళైంది. ఆ మూడు నెలలూ మావగారు ప్రతి శుక్రవారం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ సంతకం పెట్టారు. ఆ తరవాత ఏడాదికి పొడిగించారు, ఆ తరవాత ఇంకా ఏవేవో అయ్యాయి. ఇప్పుడు నేనే కొందరికి మేనేజర్ని. వాళ్ళ చుక్కలన్నీ పచ్చగా వెలుగుతుంటే చూసి పళ్ళు నూరుకుంటూ ఉంటాను. మావగారు ఏలూరు నుంచి తెల్లారేసరికి ఇరవై మెసేజీలు పంపిస్తారు, మీరు రిజిస్టర్‌లో రాస్తున్నారా అంటే, "రిటైరైనవాడికి మూవ్‌మెంట్ రిజిస్టరేంటండీ," అంటారు. పుస్తకం నా బల్ల సొరుగులోనే ఉంది. మొన్న ఏదో వెతుకుతూ తీస్తే ఆ పేజీ తెరుచుకుంది. బల్ల మీది కీబోర్డుతో కుస్తీ పట్టే ఆ ముక్కోపి కుర్రవాణ్ణి తలుచుకుంటే కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆరకముందే మా ఆవిడకి పుస్తకం చూపించి, ఇప్పటికైనా ఆ ఖాళీ గడి నింపమన్నాను. ఆవిడ పెన్ను చేతిలోకి తీసుకుంది కూడా. సరిగ్గా అప్పుడే నా ఫోను టింగుమంది, నేను దాన్ని తిట్టుకుంటూ సోఫా మీదికి విసిరాను. మా ఆవిడ పెన్నుకి మూత పెట్టేసింది.